మీకు తెలుసా? చేపల శాస్త్రవేత్తల చిత్రమైన చదువులు, చిత్రాతిచిత్రమైన ఉద్యోగాలు

హైదరాబాద్‌లో చేప కడుపులో కూర్చుని ఫైళ్లు చూసే ఉద్యోగులున్నారు, మీకు తెలుసా? పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వెంట వెళ్తూ 235వ నంబరు పిల్లర్ దగ్గర తల తిప్పి చూడండి. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు భవనం అచ్చంగా చేప ఆకారంలోనే ఉంటుంది. లోపలికి వెళ్లడానికి గాలం అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు!

ఇంటర్ బైపీసీ అయ్యాక ఎంబీబీఎస్ ఒక్కటే దారి అనుకుంటున్నారా? బీఎఫ్‌ఎస్సీ అనే డిగ్రీ ఉందని మీకు తెలుసా? నాలుగేళ్ల మత్స్యశాస్త్రం. ఈఏపీసెట్ ర్యాంకుతోనే సీటు. ఆపైన రెండేళ్ల ఎంఎఫ్‌ఎస్సీ, మరో మూడేళ్లకు తక్కువ కాకుండా పీహెచ్‌డీ. చేపను తినడానికి పది నిమిషాలు, చదవడానికి తొమ్మిదేళ్లు!

ఆ నాలుగేళ్లలో ఏం నేర్పుతారో ఊహించండి చూద్దాం. చేపల జబ్బులా? అవి ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు వల అల్లడం, సముద్రంలో దిక్కులు లెక్కగట్టడం, పడవ ఇంజన్లు, ఐసు ప్లాంట్లు, సూక్ష్మజీవులు, గణాంకాలు, ఆర్థికశాస్త్రం... ఆఖరి ఏడాది పుస్తకాలు మూసేసి హేచరీలకూ, చెరువుగట్లకూ, మత్స్యకారుల ఊళ్లకూ పంపేస్తారు. ఒకే డిగ్రీలో ఆరుగురి ఉద్యోగాలు!

మన దేశంలో మొట్టమొదటి మత్స్య కళాశాల ఎప్పుడు మొదలైందో తెలుసా? 1969లో, మంగళూరులో. మూడు వైపులా సముద్రం పెట్టుకుని, స్వాతంత్య్రం వచ్చిన 22 ఏళ్లకు గానీ మనకు చేపల కాలేజీ రాలేదన్నమాట!

తెలుగు నేలకు ఆ చదువు 1991లో వచ్చింది, నెల్లూరు జిల్లా ముత్తుకూరుకి. అటుపైన తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరుకూ వచ్చింది. పెబ్బేరు నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాలి. అయితేనేం, పక్కనే కృష్ణమ్మ ఉంది, ఊరూరా చెరువుంది. చేపకు నీళ్లుంటే చాలు, అలలు లేకపోయినా సర్దుకుంటుంది!

ఇప్పుడు ఏకంగా మత్స్య విశ్వవిద్యాలయమే పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురానికి వచ్చింది. కేరళ, తమిళనాడు తర్వాత అలాంటిది ఆంధ్రప్రదేశ్‌కే. చేపలూ రొయ్యల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రానికి ఇది ఇంకాస్త ముందే రావాల్సిందని నా గట్టి అభిప్రాయం.

సముద్రమే లేని లక్నోలో చేపల పరిశోధన సంస్థ ఉందని మీకు తెలుసా? దేశంలోని చేపల జన్యువనరులన్నిటినీ కాపాడే జాతీయ బ్యూరో అక్కడే ఉంది. కొండల మీద భీమ్‌తాల్‌లో ఇంకోటి ఉంది, అది చల్లటి నీళ్ల చేపల కోసం. ఆ శాస్త్రవేత్తలు స్వెట్టర్ వేసుకుని చేపలు పెంచుతారు!

ఇంకో తమాషా. మన జాతీయ జెండా ఎర్రకోట మీద ఎగరకముందే చేపలకు ఆఫీసులు తెరిచారు! కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947 ఫిబ్రవరిలో, నదులూ చెరువుల చేపల కోసం మరో కేంద్ర సంస్థ మార్చిలో మొదలయ్యాయి. మొదటిది ఇప్పుడు కొచ్చిలో, రెండోది కోల్‌కతా పక్కన బారక్‌పూర్‌లో ఉన్నాయి.

ఇలాంటి సంస్థల్లో శాస్త్రవేత్తగా చేరినవారి తొలి మూల వేతనం ఏడో వేతన సంఘం లెక్కన నెలకు 57,700 రూపాయలు. చేపలు చూసినందుకు జీతం! బయట హేచరీలు, మేత కంపెనీలు, ఎగుమతి ప్లాంట్లు, మత్స్యశాఖ... అవి వేరే.

సరే, ఇవన్నీ లేని కాలంలో చేపల శాస్త్రవేత్తలు ఎక్కడి నుంచి వచ్చేవారో తెలుసా? ఆసుపత్రుల నుంచి!

విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కాలంలో ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడుండేవాడు. భారతదేశానికి రాకముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యం చేశాడు. ఇక్కడికొచ్చి పాములు పట్టాడు, చేపలు సేకరించాడు. విశాఖలో దొరికిన 200 చేపల గురించి బొమ్మలతో సహా 1803లో పుస్తకం వేశాడు. రక్తపింజరికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు ఈయనదే. ఒక్క మనిషి పేరు పామూ మోస్తోంది, చేపలూ మోస్తున్నాయి!

ఆ పుస్తకంలో ఆయన చేపలకు మన జాలర్ల నోట విన్న పేర్లే రాసుకున్నాడు. దాంతో ఏమైందో తెలుసా? ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లినా కానాగంత చేప శాస్త్రీయ నామం ‘రాస్ట్రెల్లిజర్ కనగుర్త’. పారిస్‌లో కూర్చున్న కువియే అనే మహాశాస్త్రవేత్త 1816లో ఆ పేరే ఖాయం చేశాడు. విశాఖ రేవులో చేపలమ్మిన మనిషి ప్రపంచ జంతుశాస్త్రానికి పేరు పెట్టేశాడు, ఫీజు తీసుకోకుండా!

గంగానది చేపల మీద 1822లో మహాగ్రంథం వేసిన ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ ఎవరు? ఆయనా డాక్టరే. మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసులకు శాస్త్రలోకంలో నామకరణం చేసింది ఆయనే. ‘భారతదేశపు చేపలు’ అంటూ 1870ల్లో 1,400కు పైగా జాతులను వర్ణించిన ఫ్రాన్సిస్ డే? మద్రాసు సైన్యంలో సర్జన్! ఆ రోజుల్లో రోగులెవరు చూసుకునేవారో గానీ, చేపలకు మాత్రం లోటు రాలేదు.

చేప వయసు ఎముక మీద వలయాలు లెక్కబెట్టి చెప్పవచ్చని కనిపెట్టింది ఎవరో మీకు తెలుసా? స్వీడన్‌లో హాన్స్ హెడర్‌స్ట్రోమ్ అనే చర్చి పాస్టరు! 1759లో చేపల వెన్నుపూసలు చూసి ఆ సంగతి రాశాడు. ఆదివారం ప్రసంగం, మిగతా రోజులు వెన్నుపూసలు!

జపాన్ మాజీ చక్రవర్తి చేపల శాస్త్రవేత్త అని మీకు తెలుసా? అకిహిటో చదివింది రాజనీతి, ఆర్థికం. మనసంతా గోబీ అనే బుల్లి చేపల మీద. 1963 నుంచీ పరిశోధన పత్రాలు రాస్తూనే ఉన్నాడు. ఒక గోబీ ప్రజాతికి ఏకంగా ‘అకిహిటో’ అని పేరు పెట్టారు. సింహాసనం దిగాక 2021లో, 87 ఏళ్ల వయసులో, రెండు కొత్త జాతులను ప్రకటించాడు. రిటైరైనవారికి ఇంతకన్నా మంచి కాలక్షేపం ఎక్కడుంది!

అదే అకిహిటో యువరాజుగా ఉన్నప్పుడు 1965లో థాయ్‌లాండ్ రాజుకు ఏం కానుక పంపాడో తెలుసా? వజ్రాలు కాదు, 50 తిలాపియా చేపలు! రాజుగారు వాటిని కోటలో పెంచి, పిల్లల్ని ప్రజలకు పంచాడు. ఇవాళ థాయ్‌లాండ్‌లో అది సామాన్యుడి కూర. చక్రవర్తి కానుక చట్టిలోకి చేరడం అంటే ఇదీ!

నర్సు కావాల్సిన అమ్మాయి ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట అంతరించిందనుకున్న చేపను పట్టుకుందంటే నమ్ముతారా? దక్షిణాఫ్రికాలో మార్జొరీ కోర్ట్‌నీ లాటిమర్ నర్సు శిక్షణలో ఉండగా మ్యూజియం ఉద్యోగం వచ్చింది. 1938 డిసెంబరులో రేవుకొచ్చిన పడవలో చేపల కుప్ప కింద నీలిరంగు రెక్క కనిపించింది. లాగితే మనిషంత చేప! టాక్సీ డ్రైవరు ఎక్కించుకోనన్నాడు, ఒప్పించింది. కుళ్లకుండా ఉంచడానికి ఆసుపత్రి శవాల గది అడిగింది, కుదరదన్నారు. ఆమె వదల్లేదు. అదే సీలకాంత్. శతాబ్దపు ఆవిష్కరణ టాక్సీలో వచ్చింది!

దాన్ని గుర్తుపట్టిన జేఎల్‌బీ స్మిత్ ఏం పాఠాలు చెప్పేవాడో తెలుసా? కెమిస్ట్రీ! కేంబ్రిడ్జిలో రసాయనశాస్త్రంలోనే డాక్టరేట్. రెండో సీలకాంత్ కోసం వంద పౌన్ల బహుమతి ప్రకటిస్తూ కరపత్రాలు పంచాడు. 14 ఏళ్లు ఎదురుచూశాడు. 1952లో కొమొరో దీవుల్లో దొరికితే, దక్షిణాఫ్రికా ప్రధానమంత్రి సైనిక విమానం ఇచ్చి పంపాడు. చచ్చిన చేప కోసం వాయుసేన!

పురుగుమందుల మీద ప్రపంచాన్ని హెచ్చరించిన రేచల్ కార్సన్ ఎక్కడ ఉద్యోగం చేసిందో తెలుసా? అమెరికా మత్స్యశాఖలో. మొదట ఇంగ్లిష్ సాహిత్యం చదవబోయి జీవశాస్త్రానికి మారింది. చేపల మీద 52 చిన్న రేడియో కార్యక్రమాలకు స్క్రిప్టులు రాయడంతో ఆ శాఖలో అడుగుపెట్టింది. 1936లో పరీక్ష రాసి శాస్త్రవేత్తగా చేరింది. ఆ శాఖలో అలాంటి ఉద్యోగం వచ్చిన రెండో మహిళ ఆమే. కథ చెప్పడం వచ్చినవాళ్లకు చేపలూ ఉద్యోగం ఇస్తాయి!

ఇక వీళ్ల పని చూద్దాం. చేప చెవిలో రాయి ఉంటుందని మీకు తెలుసా? ఒటోలిత్ అంటారు. చేప తల కోసి దాన్ని తీసి, పలచగా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద పెడితే వలయాలు కనిపిస్తాయి. ఏడాదికొకటి. చేపపిల్లల్లో అయితే రోజుకొకటి కూడా కనిపిస్తుందని 1971లో తేలింది. చేప పుట్టినరోజు రాయి మీద రాసి ఉంటుంది, చదవడం వస్తే!

ప్రపంచంలో అతి వృద్ధ జీవుల్లో ఒకదాన్ని శాస్త్రవేత్తలే పొరపాటున చంపేశారని తెలుసా? 2006లో ఐస్‌లాండ్ దగ్గర పట్టిన గుల్ల అది. పైకి తేగానే మిగతావాటితో పాటు ఫ్రీజర్‌లో పెట్టారు. చిప్ప మీది గీతలు లెక్కబెడితే మొదట 405 ఏళ్లన్నారు. మళ్లీ లెక్కబెడితే 507! శ్రీకృష్ణదేవరాయలు పట్టానికి రాకముందే పుట్టిన గుల్ల ఫ్రీజర్‌లో కన్నుమూసింది.

సొరచేపకు చెవిరాయి అలా పనికిరాదు. మరి గ్రీన్‌లాండ్ సొర వయసు ఎలా కనుక్కున్నారు? కంటిపాపలోని కటకం నుంచి! డెన్మార్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడి బృందం 2016లో లెక్క తేల్చింది. ఐదు మీటర్ల సొరకు దాదాపు 392 ఏళ్లు. ఓ వందా ఇరవై ఏళ్లు అటూఇటూ కావొచ్చట. ఆ లెక్కన గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలుతున్న రోజుల్లో పుట్టింది. 150 ఏళ్లకు గానీ పెళ్లీడు రాదు. పెళ్లి సంబంధాల విషయంలో తొందరపడే తల్లిదండ్రులు గమనించాలి!

చేపకు ఎన్ని గుడ్లుంటాయి? కిలో శీలావతిలో లక్షల్లో. మరి సముద్రపు మోలా చేపలో? సుమారు 30 కోట్లు! ఎనిమిది మిల్లీమీటర్లు కూడా నిండకుండానే గుడ్లు పెట్టే వయసుకొచ్చే చేపను సుమత్రా బురదల్లో 2006లో వర్ణించారు. చూడాలంటే కళ్లజోడు, కూర వండాలంటే దేవుడే దిక్కు!

సముద్రంలో చేపలెన్నో లెక్కబెట్టడం ఎలా? డెన్మార్క్‌కు చెందిన పీటర్సన్ 1890ల్లో చేపలకు బిళ్లలు కట్టి వదిలాడు. మళ్లీ పట్టినవాటిలో బిళ్లలున్నవి ఎన్నో చూసి మొత్తం అంచనా వేశాడు. ఆ సూత్రంతోనే ఇవాళ పక్షులనూ, జింకలనూ కూడా లెక్కిస్తున్నారు. చేప చెప్పిన లెక్క అడవిదాకా పాకింది!

నార్వేలో యోహాన్ హ్యోర్ట్ వైద్యవిద్య వదిలి చేపల్లోకి వచ్చాడు. ఆయన పొలుసులు చదివి చెప్పింది వింటే ఆశ్చర్యపోతారు. 1904లో పుట్టిన హెర్రింగ్ చేపలే ఏళ్ల తరబడి నార్వే వలల్లో పడుతూ వచ్చాయి. ఒక్క ఏడాది పిల్లలు బాగా బతికితే దేశం మొత్తం దశాబ్దం పాటు తిన్నది! 

యుద్ధం వల్ల ఎవరైనా లాభపడ్డారా? పడ్డారు, ఉత్తర సముద్రం చేపలు! ప్రపంచయుద్ధాల్లో పడవలు వేటకు వెళ్లలేదు, చేపలు మందలు మందలుగా పెరిగాయి. వేట తగ్గితే చేప పెరుగుతుందని అంత స్పష్టంగా మరెప్పుడూ తెలియలేదు. ఎంత వేటాడాలో సమీకరణాలతో తేల్చిన బెవర్టన్, హోల్ట్‌ల పుస్తకం 1957లో వచ్చింది. 500 పేజీలకు పైనే. చేపల మీద ఇంత లెక్కలా అని జడుసుకోకండి, ఇప్పటికీ పీహెచ్‌డీ విద్యార్థులు దాన్నే తిరగేస్తున్నారు!

సముద్రం చేపలు ఎన్నటికీ తరగవని 1883లో లండన్‌లో చెప్పిందెవరో తెలుసా? ఆషామాషీ మనిషి కాదు, జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ, అప్పటికి మత్స్య ఇన్‌స్పెక్టర్ కూడా. 1992 జులైలో కెనడా తన న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల వేటను ఆపేసింది. చేపలు అయిపోయాయి! దాదాపు 30 వేల మంది పని పోయింది. ఇలాంటి వార్త కాకినాడ రేవులో ఎన్నడూ వినకూడదంటే లెక్కలు కట్టేవాళ్లు కావాలి. నేను ఈ చదువును ఇంతగా మెచ్చుకోవడానికి అసలు కారణం ఇదే.

చేప పొట్ట కోసి అది నిన్న ఏం తిన్నదో చూడటం ఉద్యోగమని తెలుసా? నిజంగానే! నాచు ఎంత, పురుగెంత, తోటి చేపపిల్ల ఎంత... విడదీసి తూకం వేస్తారు. చేప తాజాదా కాదా అని మొప్పలు వాసన చూసి మార్కులు వేయడం ఇంకో శాస్త్రం. మార్కెట్‌లో మన అమ్మమ్మలు చేసే పనే, వీళ్లకు దానికి నోట్‌బుక్కు ఉంటుంది!

ప్రయోగశాల తేలుతూ ఉంటుందని తెలుసా? ‘సాగర్ సంపద’ అనే పరిశోధన నౌక 1984లో డెన్మార్క్‌లో తయారై మనకొచ్చింది. శాస్త్రవేత్తలు అందులో వారాల తరబడి సముద్రం మీదే. డిగ్రీ ఉన్నా లేకున్నా వాంతులు మాత్రం అందరికీ సమానమే!

ఇప్పుడొక పెద్ద విశేషం. కాస్త నిదానిస్తాను, ఎందుకంటే మన కైకలూరు, భీమవరం చెరువులన్నీ దీని మీదే నిలబడ్డాయి.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చెరువులో ఎంత బలిసినా తమంతట తాము గుడ్లు పెట్టవని మీకు తెలుసా? వాటికి నదీ, వరదా కావాలి. అందుకే ఒకప్పుడు వానాకాలంలో నదుల్లో వలలు కట్టి పిల్లల్ని పట్టుకొచ్చి అమ్మేవారు. కొన్న రైతుకు అందులో ఏ చేప ఉందో తెలిసేది కాదు. శీలావతి అనుకుని వదిలితే, దాన్ని తినే చేప పెరిగేది!

1957 జులై 10. ఒడిశాలోని అంగుల్. హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేపకు సూది వేసి గుడ్లు పెట్టించాడు. ఆ సూదిలో ఏముంది? మరో చేప తలలోని గ్రంథి రసం!

దగ్గరికొచ్చి చూడండి. చేప పుర్రెను పైనుంచి చెక్కేస్తారు. మెదడును సుతారంగా ఎత్తి పక్కకు జరుపుతారు. కింద చిన్న గుంటలో తెల్లటి గింజ ఒకటి కనిపిస్తుంది, అదే పిట్యూటరీ. చితక్కుండా ఫోర్‌సెప్స్‌తో పైకి తీసి ఆల్కహాల్ సీసాలో వేస్తారు. కావాల్సినప్పుడు తూచి, నూరి, నీళ్లు కలిపి, పైకి తేరిన తేటను సిరంజిలోకి లాగుతారు. కిలో బరువుకు కొన్ని మిల్లీగ్రాములే. తోక మొదట్లో కండలోకి సూది. ఆడచేపకు రెండు మోతాదులు, మగచేపకు ఒకటే. హాపా అనే గుడ్డ తొట్టిలో వదిలితే, మరికొన్ని గంటల్లో గుడ్లు. 18 గంటలు తిరక్కుండానే పిల్లలు. ముహూర్తం పెట్టే పురోహితుడు ల్యాబ్ కోటు వేసుకున్నాడు!

అందుకే జులై 10 జాతీయ మత్స్య రైతుల దినోత్సవం. ఆక్వా రైతుల ఇళ్లలో హీరాలాల్ చౌధురి ఫొటో ఉండాలని నా కోరిక. ఆయన పేరు తెలియని చెరువుగట్టు ఉండకూడదు.

పిట్యూటరీ రసం చేపల మీద పనిచేస్తుందని 1930ల్లోనే చూపిన అర్జెంటీనా వైద్యుడు బెర్నార్డో హుస్సేకి ఏమొచ్చిందో తెలుసా? 1947లో నోబెల్ బహుమతి! పిట్యూటరీకీ చక్కెరకూ ఉన్న సంబంధం కనుగొన్నందుకు. చేప తలకాయ కూర తినేటప్పుడు కాస్త గౌరవంగా తినండి!

శీలావతికి స్వాతంత్య్ర స్వర్ణోత్సవాల పేరు ఉందని తెలుసా? భువనేశ్వర్‌లోని పరిశోధన సంస్థ నార్వే నిపుణులతో కలిసి, బాగా పెరిగేవాటినే తరతరాలుగా ఏరి, కొత్త రకం తయారుచేసింది. 1997లో, స్వాతంత్య్రానికి 50 ఏళ్లయినందుకు దానికి ‘జయంతి’ అని పేరు పెట్టారు. తరానికి సగటున 17 శాతం ఎక్కువ ఎదుగుదల. పేరుకు తగ్గ పండగే!

రొయ్య గుడ్లు పెట్టాలంటే దాని కన్ను తీసేస్తారని తెలుసా? ఉలిక్కిపడ్డారా? రొయ్య కంటికాడలో గుడ్లు పక్వం కాకుండా ఆపే హార్మోను ఉంటుంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త పనూజ్ 1943లో కనిపెట్టాడు. ఒక కంటికాడ తీసేస్తే రోజుల్లోనే తల్లిరొయ్య సిద్ధం. కన్ను తీయకుండానే గుడ్లు పెట్టించే మార్గాల కోసం ఇప్పుడు పరిశోధనలు నడుస్తున్నాయి. వాటిలో ఒక్కటి మన తీరంలో నెగ్గినా నాకు ఎంత సంతోషమో!

మన చెరువుల్లో రాజ్యమేలుతున్న వనామీ రొయ్య ఏ ఊరిదో? పసిఫిక్ తీరం, లాటిన్ అమెరికాది! 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను కుదేలు చేసింది. 2009లో ప్రభుత్వం వనామీకి అనుమతిచ్చింది. వీసా మీద వచ్చిన రొయ్య, ఆధార్ కార్డున్నంత ధీమాగా తిరుగుతోంది!

పండుగప్ప మొదట మగ, పెద్దయ్యాక ఆడ అని మీకు తెలుసా? నిజం! గ్రూపర్ చేపలది తిరగేసిన కథ, ముందు ఆడ, తర్వాత మగ. హేచరీ శాస్త్రవేత్తకు జోడీ కుదర్చడం ఎంత తలనొప్పో ఆలోచించండి. నిరుడు పెళ్లికొడుకు, ఈ ఏడు పెళ్లికూతురు! అయినా చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లో పండుగప్పను మనదేశంలో హేచరీలో పుట్టించింది.

ఆ పండుగప్పనే నడిసముద్రంలో పంజరం కట్టి పెంచింది ఎక్కడో తెలుసా? విశాఖలో! 2007లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దేశంలో తొలిసారిగా ఆ పని చేశారు. సముద్రంలోనే ఉన్న చేపకు సముద్రంలోనే గది!

ఆహారరంగపు నోబెల్ అనే ప్రపంచ ఆహార బహుమతి తెలుగువాడికొచ్చిందని ఎంతమందికి తెలుసు? మోదడుగు విజయ్ గుప్తా. 1939లో బాపట్లలో పుట్టారు. చేపలే చదివారు, చేపలే బతుకు చేసుకున్నారు. బంగ్లాదేశ్ పల్లెల్లో రోడ్డు పక్క గుంటలు, ఇంటి వెనక మడుగులు, ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే చోట్లు ఉంటాయే, వాటిలో చేపలు పెంచమన్నారు. ఖర్చు తక్కువ, మేతకు తవుడు, పేడ. దోమలు పెంచే గుంట కూర పెంచింది! చెరువు పనుల్లోకి ఆడవాళ్లు పెద్దసంఖ్యలో వచ్చారు. పది లక్షలకు పైగా పేద కుటుంబాల తిండి మారింది. 2005లో ఆయనకు ఆ బహుమతి, 2023లో పద్మశ్రీ. బాపట్ల బస్టాండులో ఆయన బొమ్మ ఉంటే ఎంత బావుంటుంది!

2021లో అదే బహుమతి మళ్లీ చేపలకే! అందుకున్నది శకుంతల హరక్‌సింగ్ తిల్‌స్టెడ్. ట్రినిడాడ్‌లో పుట్టిన భారత సంతతి శాస్త్రవేత్త. ఆమె ఏం చూపారో తెలుసా? చిన్న చేపను తలతో, కళ్లతో సహా తింటేనే అసలు పోషకాలని! బంగ్లాదేశ్‌లో దొరికే ఓ బుల్లి చేప కళ్లలో విటమిన్ ఏ దండిగా ఉంటుంది. మన పల్లెల్లో పరిగెల పులుసు తినేవాళ్లు తలలు పారేయకపోవడం ఎంత తెలివైన పనో చూడండి!

చివరగా పామును తలపించే ఈల్ చేప సంగతి. దీని వెనకాల పడినవాళ్లలో ఒకడి పేరు వింటే కుర్చీలోంచి లేస్తారు. సిగ్మండ్ ఫ్రాయిడ్! అవును, మనసుల డాక్టరే. 1876లో విద్యార్థిగా ఇటలీ వైపు ట్రియెస్టెలో 400 దాకా ఈల్ చేపల్ని కోశాడు. మగ ఈల్ వృషణాలు ఎక్కడున్నాయో కనుక్కోవాలని! తేల్చి చెప్పలేకపోయాడు. చేపల కడుపులు వదిలి మనుషుల కలల మీద పడ్డాడు.

తర్వాతివాడు యోహానెస్ స్మిట్, డెన్మార్క్. చదివింది వృక్షశాస్త్రం! 1904లో ఫారో దీవుల దగ్గర అట్లాంటిక్‌లో గాజులా పారదర్శకంగా ఉన్న ఈల్ పిల్ల ఒకటి దొరికింది. యూరప్ నదుల్లో కనిపించే ఈల్ పిల్ల సముద్రం నడుమ ఏం చేస్తోంది? ఇంకా చిన్న పిల్ల ఎక్కడ దొరికితే పుట్టిల్లు అక్కడే అనుకుని, ఓడ మీద ఓడ మార్చి, సరకు పడవల వాళ్లకూ వలలిచ్చి వెతికాడు. మధ్యలో ఒక ప్రపంచయుద్ధం వచ్చి వెళ్లింది. దాదాపు 20 ఏళ్లకు తేల్చాడు. అమెరికా పక్కనున్న సర్గాసో సముద్రం! నైలూ రైనూ నదుల్లో తిరిగే చేప కాన్పుకు అట్లాంటిక్ దాటి వెళ్తుంది!

మరి సర్గాసోలో పెద్ద ఈల్ గుడ్లు పెడుతుంటే చూసినవాళ్లెవరు? ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. అక్కడ గుడ్డు కూడా ఎవరి వలలోనూ పడలేదు. బైపీసీ చదువుతున్న చెల్లెమ్మలూ, తమ్ముళ్లూ, ఈ ప్రశ్నకు నోటిఫికేషన్ ఎప్పుడో పడింది. దరఖాస్తుకు ఆఖరి తేదీ లేదు!